సన్మానచ్ఛేదము (టీకాతాత్పర్యసహితము)

అవతారిక

అష్టావధానమొకటి జరిగినది, వేదిక కెదురుగ నిలిపిన కెమెరా దాని నాసాంతము పట్టినది. ప్రథమావృత్తి ముగిసి, సమస్యయు దత్తపదియు నిషిద్ధాక్షరియు మొదటి పాదములు చెప్పించుకొని రెండవ పాదములకై నిరీక్షించుచుండగా, ముఖ్య అతిథిగారికి రైలు వేళ సమీపించుటచేత, చివర జరుగవలసిన సన్మానము నడుమకు వచ్చి కూర్చున్నది. శాలువాలును, మెమెంటోలును, దాతల నామావళియును, ‘ఇటు చూడండి సార్’ అను ఫొటోగ్రాఫరు శాసనములును 42వ నిమిషమున నుపక్రమించి 70వ నిమిషమున నుపసంహరింపబడినవి. పద్యములను పాదములకడ విఱిచిన యా 28 నిమిషములను తొలగించి వీడియోను సంధించుటకై పుట్టిన యీ కమాండుత్రయమునకు టీక లేని లోటును దీర్ప బూనుకొంటిమి.

టీకకు ముందొక హెచ్చరిక. ‘అప్రస్తుతమైన భాగము కోసివేయుము’ అని కుఱ్ఱవాని కప్పగించినచో, అప్రస్తుతప్రసంగిగారి చమత్కారములన్నియు కోసి సన్మానమును పదిలముగ మిగిల్చిన యుదంతములు పుట్టక మానవు. అవధానమున నా ప్రసంగమే ప్రస్తుతము. ఈ వివేకము యంత్రమునకు లేదు. కాలములను గుర్తించి వ్రాసికొనువాడే దాని నలవఱచుకొనవలెను.

మూలము

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఐ సభ.ఎంపీ4 -టు 00:42:00 -సి కాపీ పూర్వ.ఎంపీ4
ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఎస్ఎస్ 01:10:00 -ఐ సభ.ఎంపీ4 -సి కాపీ ఉత్తర.ఎంపీ4
ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఎఫ్ కాన్‌క్యాట్ -సేఫ్ 0 -ఐ పట్టిక.టీఎక్స్‌టీ -సి కాపీ శుద్ధ.ఎంపీ4

(ఫైళ్ల పేర్లలో చుక్కకు ముందటి భాగము దక్క తక్కినదంతయు టెర్మినలున రోమను లిపిలోనే కొట్టవలెను.)

ప్రతిపదార్థము

ఎఫ్ఎఫ్ఎంపెగ్ = ఓ ఎఫ్ఎఫ్ఎంపెగూ! (సంబోధనము; ఫ్రాన్సు దేశీయుడగు ఫాబ్రిస్ బెల్లార్ 2000వ సంవత్సరమున నారంభించిన యుపకరణము); -ఐ = ఇక వచ్చునది చదువదగిన ఫైలు సుమా; సభ.ఎంపీ4 = సన్మానదూషితమైన మూలచిత్రము; -టు 00:42:00 = 42వ నిమిషము దాక; -ఎస్ఎస్ 01:10:00 = 70వ నిమిషము మొదలుకొని; -సి కాపీ = బొమ్మను గాని ధ్వనిని గాని విప్పి మరల కుదింపక, ఉన్నదున్నట్లు ఎత్తి; పూర్వ.ఎంపీ4, ఉత్తర.ఎంపీ4 = అను ముక్కలుగ (నిలుపుము, అని క్రియ అధ్యాహార్యము); -ఎఫ్ కాన్‌క్యాట్ = వరుసగ నతుకు పద్ధతిచేత; పట్టిక.టీఎక్స్‌టీ = పూర్వోత్తరముల పేర్లు వరుసకొకటిగ, ప్రతిదానికి ముందు ‘ఫైల్’ అను మాటతో, వ్రాసియుంచిన చిట్టా; శుద్ధ.ఎంపీ4 = ఫలము.

-సేఫ్ 0 అను పదము పాదపూరణమని తోచవచ్చును. కాదు. పట్టికలో రోమను అక్షరములు, అంకెలు, చుక్క, అడ్డగీత, అడుగుగీత, వీనితో నేర్పడిన పేర్లను మాత్రమే యీ యుపకరణము సురక్షితములుగ నెంచును. ‘పూర్వ’ యని తెలుగున వ్రాసినంతనే శంకించి పని నిలిపివేయును. ఆ శంకను మాన్పుటకే యీ సున్న. తెలుగు పేరు గలవారు తాము నిరపాయులమని వేఱుగ నిరూపించుకొనవలసివచ్చుట యీ యొక్క శాస్త్రమునకే పరిమితమని మేమనజాలము.

అన్వయము

కావ్యవ్యాఖ్యాతకు అన్వయము ప్రాణము. కవి ఛందస్సు కొఱకు చెదరగొట్టిన పదములను ఏరి, కర్తను ముందునకు దెచ్చి, క్రియను చివర నిలిపి, వచనక్రమమున గూర్చినగాని వానికి తృప్తి కలుగదు. ఎట్లు మార్చినను విభక్తులు కాపాడునను ధైర్యము వానిది. ఆ ధైర్యముతో నొక పండితుడు రెండవ పాదమును ‘సభ.ఎంపీ4ను 70వ నిమిషము మొదలుకొని’ యని చక్కబఱచి, -ఐ సభ.ఎంపీ4 ముందు, -ఎస్ఎస్ 01:10:00 వెనుకగ నిలిపెననుకొందము. వ్యాకరణము నొవ్వలేదు. వీడియో మాత్రము చెడినది. ఇచట విభక్తులు లేవు, స్థానమే విభక్తి.

ఎందుచేతనన, వీడియోలోని ప్రతి ఫ్రేమును సంపూర్ణమైన బొమ్మ కాదు. కీఫ్రేమొక్కటియే స్వతంత్రము, దాని వెంటనుండునవి తమ ముందటి బొమ్మకంటె మాఱినదేమో యంతమాత్రమే చెప్పును, కొన్ని ముందువెనుకలు రెంటిని నాశ్రయించును. కులకమున క్రియ యెక్కడనో యుండగా నడిమి పద్యమును మాత్రము చించి తెచ్చినవాని కెట్లర్థము పొసగదో, కీఫ్రేము లేని ఫ్రేము నుండి యారంభించిన వీడియోకును అట్లే బొమ్మ పొసగదు. మిక్కిలి వాడుకలోనున్న ఎక్స్264 ఎన్‌కోడరు, వేఱు చెప్పనిచో, రెండు కీఫ్రేముల నడుమ 250 ఫ్రేముల వఱకు దూరము నుంచును. సెకనునకు 25 ఫ్రేముల లెక్కన నది 10 సెకనులు.

ఇక స్థానభేదఫలము. -ఎస్ఎస్ ముందున్నచో, యంత్రము ఫైలులో నెగిరి, 01:10:00కు ముందున్న సమీపకీఫ్రేముపై వ్రాలి, అచటినుండి యెత్తును. కావున సన్మానశేషము, అనగా జాఱుచున్న శాలువాను సర్దుకొనుటయు, ‘రెండే రెండు మాటలు’ అను కార్యదర్శిగారి ప్రార్థనయు, కొన్ని సెకనులు మిగులును. -ఎస్ఎస్ వెనుకనున్నచో, 70 నిమిషములను మొదటినుండి యోపికతో చదివి పాఱవైచి, ఆ పైని వచ్చు పరాధీనములగు ఫ్రేములను గూడ త్రోసివేసి, మఱొక కీఫ్రేము వచ్చుదాక బొమ్మ నీయదు. ధ్వని మాత్రము వెంటనే వచ్చును. అవధానిగారి కంఠము వినబడుచు ముఖము కానరాని యా యవస్థ అశరీరవాణి నాటకమునకు తగునేమో కాని అవధానమునకు తగదు.

ఇంతటితో నాగలేదు. ఉత్తరభాగమును వందనసమర్పణకు ముందే ముగింపదలచి, -ఐ తరువాత -టు 02:20:00 అని చేర్చిన యాశాపరునకు, ఎగిరి వ్రాలినచోటనే గడియారము సున్నకు దిరుగుటచేత, అచటినుండి మఱి 2 గంటల 20 నిమిషములు లభించును. వందనసమర్పణ సమగ్రముగ వచ్చును. ఆ -టును గూడ -ఐకి ముందే నిలిపినచో మూలచిత్రపు కాలమే ప్రమాణమగును.

తాత్పర్యము

ఈ మూడు పాదములందును తొలగింపుమను మాట లేదు. ఉంచదగినవానిని పేర్కొని, వాని నతికి, తక్కినదానిని గూర్చి మౌనము వహించుటయే యిచట ఛేదము. సన్మానగ్రహీతలను పేరెత్తి యవమానింపని యీ మర్యాద మాకు నచ్చినది.

పాఠాంతరము

మూలచిత్రము నొక్కమాఱే చదివి, సెలెక్ట్, ఎసెలెక్ట్ అను ఫిల్టర్లకు ‘2520వ సెకనుకును 4200వ సెకనుకును నడుమనున్నది కాదు’ అను షరతు పెట్టి, నిషేధమును కంఠోక్తముగ జెప్పు పాఠము మఱొకటి కలదు. ఫిల్టరు బొమ్మను విప్పినగాని పని చేయదు గనుక -సి కాపీతో నది యొక పంక్తిని కూర్చుండదు. రెంటిని గలిపి వ్రాసినచో యంత్రమే తగవు తీర్చి నిరాకరించును. అంతయు విప్పి మరల కుదించుటచే కోత ఫ్రేముమాత్రము తప్పకుండ పడును. కాలము మిక్కిలి పట్టును. ప్రతి పునఃకుదింపునను బొమ్మ కొంత నష్టపడును. ఆ నష్టమును నియమించు సీఆర్ఎఫ్ అను సంఖ్య ఎక్స్264లో వేఱు చెప్పనిచో 23. తగ్గించిన కొలది బొమ్మ మేలు, ఫైలు స్థూలము.

ఏది గ్రాహ్యము? నాటకమునకు, సంగీతమునకు, క్షణము తప్పరాని చోట్లకు ఫిల్టరుపాఠమే శరణ్యము. కదలని కెమెరాతో దీసిన సభకు కాపీపాఠమే చాలునని మా నిర్ణయము. సోదరోపకరణమగు ఎఫ్ఎఫ్‌ప్రోబ్ కీఫ్రేముల కాలములను వరుసగ చూపును. సన్మానము ముగిసి, అవధానిగారు గొంతు సవరించుకొని నీళ్లు త్రాగుచుండినప్పటి కీఫ్రేము నొకదాని నేఱి, దాని కాలమునకు రవంత పైని -ఎస్ఎస్ నుంచినచో, కార్యదర్శిగారును కనబడరు, ద్వితీయావృత్తియు నొక్క యక్షరము పోదు. ఇంతటి సుకరోపాయముండగా రెండు గంటల వీడియోను రాత్రియంతయు కుదించుచు కంప్యూటరును వేడెక్కించువారు, ఉపాయము తెలియక గాదు, అట్లు చేసిననేగాని పని చేసినట్లు తోపకయే చేయుచున్నారని మా యనుమానము.

మొదటి రెండు పాదములలో ఫలము పేరుగ మరల సభ.ఎంపీ4 అనియే వ్రాసినచో నీ యుపకరణ మొప్పుకొనదు. చదువుచున్నదానిపైననే వ్రాయుట దానికి నిషిద్ధము. అన్య ఫైలు పైని వ్రాయుటకును అనుమతి యడుగును. అందుచేత మూలచిత్రమునకు యంత్రమువలన భయము లేదు. డిస్కు నిండినదని తొందరపడు మనుష్యులవలననే భయము. సన్మానగ్రహీతలు తమ శాలువా భాగ మెక్కడనని నేడో రేపో అడుగక మానరు గనుక, సభ.ఎంపీ4ను ఎవ్వరును చెరిపివేయవలదని మనవి.