మోకు వాంగ్మూలం

నేను మోకును. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి నడుముకూ చెట్టు మానుకూ మధ్య నా బతుకు. మానును చుట్టి వచ్చి అతడి వీపును ఆనుకుని ఉంటాను. అతడు వెనక్కి వాలితే బిగుసుకుంటాను, ముందుకు వంగితే వదులవుతాను. ఆ వదులులోనే నన్ను మూరెడు పైకి ఎగదోసి, పాదాల మీద లేచి, మళ్లీ నా మీద వాలతాడు. అరవై అడుగుల చెట్టునైనా ఇలా మూర మూరగానే ఎక్కాలి. పైన గెల కొసను కత్తితో పలచగా గీసి, లొట్టిలోని కల్లు వంచుకుని దిగుతాడు. ఇంత పని చేస్తున్నా నా పేరు పత్రికలకెక్కేది ఒకే సందర్భంలో: ‘మోకు జారి గీత కార్మికుడి మృతి’. ఆ వాక్యంలో ముద్దాయిని నేనే. ఇంకెవరి బాధ్యతా అందులో కనిపించదు. నేను చెప్పదలచింది ఒక్కటే. చెట్టు మీంచి పడటం తలరాత కాదు, తాడు చేసిన నేరమూ కాదు, అది పని ప్రమాదం. అలా ఒప్పుకున్న రోజున రక్షణ ఒకరి బాధ్యత అవుతుంది, పరిహారం హక్కు అవుతుంది.

ముందు నా శక్తి ఎంతో చెప్పాలి. నేను ఎక్కించే తాడును, పడేవాణ్ని ఆపే తాడును కాను. మనిషి బరువు నా మీద ఉన్నంతసేపే, మానుకూ నాకూ మధ్య రాపిడి ఉన్నంతసేపే నా పట్టు. నన్ను పైకి ఎగదోసే ప్రతిసారీ ఆ క్షణంలో అతణ్ని మోసేవి పాదాలూ చేతులే. వాన పడి మాను నునుపెక్కినా, మట్టల్లోంచి తేనెటీగలు లేచినా, ఒక చేత కత్తి పట్టుకుని గెల వైపు వంగినప్పుడు కాలు తప్పినా నేను చేయగలిగింది తక్కువ. ఒక్కోసారి అతడు నాలోనే చిక్కుకుని తలకిందులుగా వేలాడతాడు. ఎవరైనా పైకెక్కి దించేదాకా అదే స్థితి. పైగా ఎండకూ వానకూ చెమటకూ నా పోగులు లోలోపలే చివుకుతాయి. ఫ్యాక్టరీలో బరువులెత్తే గొలుసును ఇన్నాళ్లకోసారి పరీక్షించాలని చట్టం ఉంది. మనిషినే మోసే నన్ను పరీక్షించమని ఎవరికీ చెప్పలేదు.

తాతల నాటి విద్య, చేయి తిరిగినవాడు పడడు అంటారు కొందరు. విద్య గొప్పదే, దాన్ని తక్కువ చేసే మాట నా నోట రాదు. కానీ లెక్క చూడండి. రోజుకు ఇరవై చెట్లు, ఒక్కో చెట్టు రెండుసార్లు అనుకుందాం. నలభై ఎక్కుళ్లు. నూరు రోజుల్లో 4,000. అందులో 3,999 సార్లు గెలిచిన నైపుణ్యం మిగిలిన ఒక్కసారి తప్పినా ఇల్లు కూలుతుంది. అన్నిసార్లూ తప్పకుండా ఉండటం ఏ మనిషి వల్లా కాదు. పైగా చెట్టు సెలవివ్వదు. గీయడం ఆపితే గెల ఎండి ధార ఆగిపోతుంది. అందుకే ముసురు పట్టినా, ఒళ్లు నలతగా ఉన్నా ఎక్కక తప్పదు. దాన్ని అజాగ్రత్త అనడం అన్యాయం.

కాబట్టి నాకు తోడుగా రెండో కట్టు కావాలి. పట్టు తప్పినా మనిషిని నేలకు రానీయకుండా చెట్టుకే నిలిపే కట్టు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో అలాంటి కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కల్లు గీసే గౌడుల కులదైవం కాటమయ్య పేరు పెట్టడంలో గౌరవం ఉంది. కిట్టుతో ఎక్కితే ఆలస్యమవుతుంది, పూట గడవదు అన్న అభ్యంతరం వినిపిస్తుంది. అది కొట్టిపారేయదగింది కాదు. రోజుకు నలభైసార్లు ఎక్కేవాడికి ఎక్కిన ప్రతిసారీ ఐదు నిమిషాలు ఎక్కువైతే మూడు గంటలకు పైగా పోతాయి. అయితే దానికి జవాబు కిట్టును అటక మీద పెట్టడం కాదు. గీసేవాళ్ల సలహాతో దాన్ని తేలిక చేయాలి, చెట్టు దగ్గరే శిక్షణ ఇవ్వాలి, అరిగిన తాడు మార్చే ఏర్పాటు ఊళ్లోనే ఉండాలి. ఒకరోజు పంచి ఫొటో దిగితే రక్షణ పూర్తికాదు.

ఇక పరిహారం. 1923 నాటి కార్మిక పరిహార చట్టం రెండో షెడ్యూలులో పరిహారానికి అర్హమైన పనుల జాబితా ఉంది. అందులో తాటి జాతి చెట్లు గీసే పని కూడా ఉంది. అంటే ఈ పనిలోని ముప్పును చట్టం ఎప్పుడో గుర్తించింది. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది, అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. లెక్క మాత్రం పాతదే: మరణిస్తే నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. నలభై ఏళ్లవాడికి ఆ గుణకం 184.17. నెలకు 15,000 వేతనం లెక్కన చూస్తే 13,81,275 రూపాయలు. కానీ ఇదంతా ఒకరి కింద జీతానికి పనిచేసేవాడికే. గీత కార్మికుల సొసైటీ సభ్యుడిగానో, చెట్టు పట్టా మీదనో గీసుకునేవాడికి యజమాని లేడు. తెలంగాణలో అతడి కుటుంబానికి దక్కేది 5 లక్షల ఎక్స్‌గ్రేషియా. అదే చెట్టు, అదే ఎత్తు, అదే చావు. విలువ మాత్రం సగం కూడా లేదు. పైగా ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చేది. ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కు ఉండదు.

యజమాని లేనప్పుడు ఎవరు చెల్లించాలి అన్నది గట్టి ప్రశ్నే. దీనికి దారి ఈ దేశం ముందే వేసింది. భవన నిర్మాణ కార్మికులకూ స్థిరమైన యజమాని ఉండడు. అందుకే 1996లో సెస్సు చట్టం తెచ్చి, నిర్మాణ వ్యయంలో ఒక శాతం వసూలు చేసి సంక్షేమ నిధికి జమచేస్తున్నారు. గీతకు లైసెన్సు ఇచ్చేది ఎక్సైజ్ శాఖ. అదే శాఖ ద్వారా మద్యం మీద వచ్చే ఆదాయంలో చిన్న వాటా ఒక నిధికి మళ్లిస్తే, చట్టం లెక్క ప్రకారమే పరిహారం ఇవ్వవచ్చు. నడుము విరిగి మంచాన పడ్డవాడికి నెలనెలా పింఛనూ ఇవ్వవచ్చు. పిల్లలు ఈ వృత్తిలోకి రావడం లేదు, ఎలాగూ పోయే వృత్తి అంటారా? రేపు పోయే వృత్తి అయినా ఈ పొద్దు చెట్టు మీద ఉన్నది మనిషే.

విలేకరులకు నాదొక విన్నపం. ఈసారి ‘మోకు జారి’ అని రాసే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. అతడికి రెండో కట్టు ఇచ్చారా? వాడటం నేర్పారా? తాడును చివరిసారి ఎవరు పరీక్షించారు? ఇంటివాళ్లకు ఎంత, ఎన్నాళ్లలో అందుతుంది? ఆ జవాబులనే వార్తగా రాయండి.