మెరక తీసే శాస్త్రం

తెనాలి చుట్టుపక్కల రైతుకు ఉన్నట్టుండి ఒక సత్యం బోధపడుతుంది. తాతల కాలం నుంచి వరి పండుతున్న తన పొలం నిజానికి మెరకట. కాలవ నీళ్లు ఎక్కట్లేదట. వెంటనే తహసీల్దారు గారికి అర్జీ: ‘అయ్యా, అడుగు మట్టి తీయించుకుంటాను, అనుమతి ఇప్పించగలరు.’ అడిగింది అడుగే. తీసింది ఎంతో తెలియాలంటే గట్టు మీద జాగ్రత్తగా నిలబడి, పక్కవాడి చెయ్యి పట్టుకుని, కిందికి తొంగిచూడాలి. ఆ మట్టి ఊరవతల వెంచరుకు చేరుతుంది. అక్కడ పొలం పల్లమట, మెరక తోలాలి. ఇక్కడ మెరక పల్లమైంది, అక్కడ పల్లం మెరకైంది, జిల్లా సగటు ఎత్తు మాత్రం ఎప్పటిలాగే ఉంది. కాబట్టి నష్టం జరిగిందని ఎవరూ అనలేరు.

చట్టం కూడా మట్టిని చాలా గౌరవంగానే చూస్తుంది. గట్లు, రోడ్లు, రైలు కట్టలు, ఇళ్ల కోసం పూడ్చడానికో చదును చేయడానికో వాడే మామూలు మట్టిని 2000 ఫిబ్రవరి 3న కేంద్రం చిన్నతరహా ఖనిజంగా ప్రకటించింది. వరి పండించే మట్టికి ఆ హోదా లేదు. టిప్పరెక్కాలి, అప్పుడే ప్రమోషను. 2020 మార్చి 28న, అంటే లాక్‌డౌన్ మొదలైన నాలుగో రోజున, రోడ్లూ పైపులైన్లూ లాంటి ‘లీనియర్’ పనుల కోసం తీసే మట్టికి పర్యావరణ అనుమతి అక్కర్లేదన్నారు. జనం గడప దాటకూడదు, మట్టి మాత్రం దాటొచ్చు. ఎంత మట్టి, ఎంత మేర, అసలు లీనియర్ అంటే ఏంటి, ఏదీ చెప్పకుండా ఇచ్చిన ఈ మినహాయింపు చెల్లదని సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. ఆ నాలుగేళ్లలో వెళ్లిన ట్రిప్పులకు తీర్పు ప్రతి పంపినా వెనక్కి రావు కదా.

ఇక అసలు విషయం, మట్టి పరీక్ష. తవ్విన భూమిని మళ్లీ సాగుకు తేవాలంటే ముందు నేల గుణం తేల్చాలంటారు. మా వైపు అది తవ్వేటప్పుడే తేలిపోతుంది. కొల్లిపర వైపు ఒక పొక్లెయిన్ ఆపరేటరు నాకు నేలశాస్త్రం మొత్తం బీడీ కాలేలోపు చెప్పేశాడు. “పైన రెండడుగులూ ఒండ్రు బాబాయ్, ఇటుకబట్టీకి పోద్ది. దాని కింద బంక. బంకకి రేటు లేదుగానీ ప్లాట్లలో అడుగున పోసి పైన గ్రావెల్ కప్పితే ఎవడు చూస్తాడు? ఇంకా కిందికెళ్తే బుసక. అదీ బంగారం.”

“దాని కింద?”

“నీళ్లు. నీళ్లు పడితే మన పని అయిపోయినట్టే. బండి పక్క పొలంలోకి దించుతాం.”

ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, ఏదీ అడగలేదతను. ట్రిప్పు ధర ఒక్కటి చాలు, మిగతావన్నీ అందులోనే ఉన్నాయి. గనుల పాఠ్యపుస్తకాల్లో ఒక వింత నియమం ఉంటుంది: పైమట్టిని వేరుగా తీసి, కుప్పపోసి, తవ్వకం అయ్యాక మళ్లీ గుంత మీద పరచాలట. మా దగ్గరా పైమట్టిని వేరుగానే తీస్తారు. మొదటి ట్రిప్పు అదే.

బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడి పిల్లలు నేల పొరలు చూడాలంటే నిలువెత్తు గుంత తవ్వుకుని, గోడ నున్నగా చెక్కి, ఏ పొర ఏ రంగో రాసుకోవాలి. పాపం ఎందుకా శ్రమ! ఏ గుంత అంచుకు తీసుకెళ్లినా రెండు తాటిచెట్ల లోతున పొరలన్నీ బారుగా కనిపిస్తాయి. సర్కారు ఖర్చు పైసా లేదు. మట్టి నమూనా తీసే పద్ధతి కూడా ఉంది. ఆరంగుళాల లోతున ‘వి’ ఆకారంలో గుంట తీసి, పొలంలో ఎనిమిది పది చోట్ల నుంచి పలచగా మట్టి చెక్కి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ చివరికి అరకిలో మిగల్చాలి. గట్ల పక్కన తీయకూడదు, చెట్ల నీడన తీయకూడదు, పెంటకుప్పలేసిన చోట తీయకూడదు. టిప్పర్ వెళ్లాక తీయకూడదని రాయడం మర్చిపోయారు.

గుంత అడుగున నిజంగానే పరీక్ష చేస్తే ఏం తేలుతుంది? కర్బనం సున్నకు దగ్గర. వేరు దిగనంత గట్టి బంక, లేకపోతే చుక్క నీరు నిలవని బుసక. దాన్ని మళ్లీ పొలం చేయాలంటే పశువుల ఎరువు తోలాలి, జీలుగ చల్లి కలియదున్నాలి, ఏళ్ల తరబడి ఓపిక పట్టాలి. రేపల్లె చివరి ఆయకట్టు వైపైతే కింద నుంచి ఉప్పు కూడా పైకొస్తుంది. లవణ సాంద్రత నాలుగు దాటితే పాలచౌడు, మంచినీళ్లు పెట్టి కడగాలి. సోడియం పదిహేను శాతం, సూచిక ఎనిమిదిన్నర దాటితే కారుచౌడు, జిప్సం వేయాలి. కడగడానికి మంచినీళ్లెక్కడివి అంటారా? కాలవ నీళ్లు ఎక్కట్లేదనే కదా ఈ కథ మొదలైంది!

బాపట్ల ఇసుక భూముల్లో ఇంకో చిత్రం. అక్కడ భూమిలో ఉప్పునీటి మీద పలచటి మంచినీటి పొర తేలుతూ ఉంటుంది. దాన్ని కదపకుండా, మీగడ తీసినట్టు తీసుకోవడానికే పాతవాళ్లు దొరువులు తవ్వారు. బాపట్లలో ఉప్పునీటి మీద పనిచేసే పరిశోధకులు ఆ దొరువుల్నే మెరుగుపరిచి పెట్టారు. ఇప్పుడు ఇసుకే లేచిపోతుంటే ఆ మంచినీళ్లు దేంట్లో నిలవాలి?

ఇన్ని ప్రశ్నలకూ కాంట్రాక్టరు దగ్గర ఒకటే జవాబు: వరదొస్తే కృష్ణమ్మే పూడుస్తుంది. వచ్చింది కూడా. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దిగాయి. లంకలన్నీ మునిగాయి. నది తెచ్చింది కోతా, ఇసుక మేటా. ఆ పాత ఒండ్రు ఇప్పుడు చాలా వరకు శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల అడుగునే ఆగిపోతోంది. రెండు మూడు సెంటీమీటర్ల నేల తయారు కావడానికి వెయ్యేళ్ల దాకా పడుతుందని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క. లీజు గడువు అంత లేదు.

ఇంత చీకట్లోనూ ఒక్క పథకం మాత్రం గుంతను మర్చిపోలేదు. 2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డు పన్నెండు గుణాలు చెబుతుంది. నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు, అంటే సుమారు ఆరెకరాలకు ఒక్క నమూనా తీస్తే చాలు, ఫలితం ఆ గడిలోని అందరికీ వర్తిస్తుంది. నమూనా పక్కవాడి మాగాణిలో తీస్తే గుంత యజమానికి కూడా చక్కటి మార్కులే వస్తాయి. అలా కార్డు అందుకున్న ఒక ఆసామి మా రచ్చబండ దగ్గర దాన్ని పైకి చదివించుకున్నాడనుకోండి. జింకు లోపం ఉంది, ఆఖరి దుక్కిలో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు చల్లాలి అని వస్తుంది. ఆయన కాసేపు ఆలోచించి అడిగే ప్రశ్న కూడా న్యాయమైందే: “చల్లుతాను సరే, చేపలకేం కాదుగా?”