గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

అయ్యా, అట్టవిరుపుల వారూ!

తమరి అసలు పేరు తెలియదు కాబట్టి చేసే పనిని బట్టి పిలుస్తున్నాం, ఏమీ అనుకోకండి. తమరు అమెరికా వాల్‌మార్ట్‌లోనూ ఉంటారు, హైదరాబాద్ సూపర్‌మార్కెట్లోనూ ఉంటారు. కొక్కేలకు వేలాడే హాట్‌వీల్స్ బొమ్మ కార్లను వరసగా లాగి, తిప్పి చూసి, కావలసిన నాలుగూ బుట్టలో వేసుకుంటారు. దొరికాయి కదా, వెళ్ళిపోవచ్చు. వెళ్ళరు. సెక్యూరిటీ కుర్రాడు అటు తిరిగేదాకా ఆగి, మిగిలిన ఒక్కో అట్ట మూలనూ బొటనవేలితో వెనక్కి మడుస్తారు. తెల్లటి గీత పడుతుంది. తరవాతి అట్ట. మళ్ళీ గీత. వరసంతా పూర్తయ్యాక నిదానంగా బిల్లు కట్టి, సంచీ అక్కర్లేదని చెప్పి, పర్యావరణాన్ని కూడా కాపాడి వెళతారు.

లోపలి కారుకు ఏమీ కాలేదు. చక్రాలు తిరుగుతాయి, రంగు మెరుస్తుంది, పైనున్న ప్లాస్టిక్ బుడగ కూడా ఊడలేదు. చెడింది అట్ట ఒక్కటే. తమరి వెనకాల వచ్చే పోటీదారు గుండె పగలడానికి అది చాలు. కత్తి తేలేదు, నిప్పు పెట్టలేదు, అద్దం బద్దలు కొట్టలేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్న పెద్దల మాటను ఇంత శ్రద్ధగా ఆచరణలో పెట్టినవారిని మేం ఇంతవరకూ చూడలేదు.

ఆ గోటికి అంత బలం ఎక్కడిదంటారా? అది తమరిది కాదు, కంపెనీ ప్రసాదించిన వరం. మాటెల్ కంపెనీ 1968లో హాట్‌వీల్స్ మొదలుపెట్టింది పిల్లలు నేలమీద తోసుకోవడానికి. నేలమీద తోసుకునేవాళ్ళకి ఒక కారు చాలునని లెక్క తేలిందో ఏమో, 1995లో ‘ట్రెజర్ హంట్’ అని ఒక వేట పెట్టింది. పన్నెండు రకాల కార్లు, రకానికి పదివేలు మాత్రమే. తరవాత దానికి ‘సూపర్’ అనే అన్నగారు పుట్టాడు. లోహపు మెరుపున్న రంగు, అసలు రబ్బరు టైర్లు, అట్టమీద కారు చాటున దాక్కున్న బంగారు రంగు మంట గుర్తు. ధర మాత్రం పక్క కారుకున్నంతే. అక్కడ డాలరు పైచిలుకు, ఇక్కడ రెండు వందల లోపు. బయటికి వచ్చాక అదే కారు ఎన్నో రెట్లు పలుకుతుంది. ఆరేళ్ళ పిల్లాడికి ఆ గుర్తు అక్కర్లేదు, వాడికి ఎర్ర కారు కావాలి. ఆ గుర్తు కోసం అట్టపెట్టె విప్పకముందే షాపు షట్టరు దగ్గర కాపలా కాసేవారి వయసు నలభై.

అట్ట చెడకుండా, బుడగ ఊడకుండా, మూల మడవకుండా ఉంటేనే పూర్తి ధర. అంటే బొమ్మను బొమ్మగా మార్చే పని, దాన్ని విప్పి ఆడుకోవడం, ఒక్కటి తప్ప ఏదైనా చేయవచ్చు. అమ్మవచ్చు, అద్దాల బీరువాలో పెట్టవచ్చు, ఫొటో తీయవచ్చు, వీలునామాలో రాయవచ్చు. ముట్టుకోకూడదు. పైన పటారం లోన లొటారం అని ఒకప్పుడు తిట్టేవాళ్ళు. ఇప్పుడు పైన పటారం ఉంటే లోన ఏముందో అడిగేవాడే లేడు.

నమ్మకం కుదరకపోతే 1977 క్రిస్మస్‌కు వెళ్ళి చూడండి. ఆ ఏడు ‘స్టార్ వార్స్’ సినిమా విరగబడి ఆడింది. బొమ్మలు చేసే హక్కు కెన్నర్ కంపెనీది. పండగ ముంచుకొచ్చింది, బొమ్మలు తయారు కాలేదు. కంపెనీ ఏం చేసింది? బొమ్మల్లేని కవరు అమ్మింది! అందులో ఒక అట్ట స్టాండు, కొన్ని స్టిక్కర్లు, ఒక కూపను. కూపను పోస్టు చేస్తే నాలుగు బొమ్మలు వచ్చే ఏడాది ఇంటికొస్తాయి. చెట్టుకింద కానుకల్లో పిల్లలకు దొరికింది రాబోయే బొమ్మల బొమ్మ. లోపల ఏమీ లేకపోయినా అట్ట అమ్ముడుపోతుందని లోకానికి రుజువు చేసినవాళ్ళు వాళ్ళు. లోపల అన్నీ ఉన్నా అట్ట చెడితే అమ్ముడుపోదని రుజువు చేస్తున్నవారు తమరు. సగం సిద్ధాంతం వాళ్ళది, సగం తమరిది.

ఈ సిద్ధాంతానికి ఇప్పుడు శాస్త్రం కూడా ఉంది. అమెరికాలో యాక్షన్ ఫిగర్ అథారిటీ అనే సంస్థ ఉంది. బొమ్మను అట్టతో సహా పంపిస్తే పరీక్ష పెట్టి నూటికి మార్కులు వేస్తుంది. అట్టకు వేరే, బుడగకు వేరే, లోపలి బొమ్మకు వేరే. ఆపైన మొత్తాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసేస్తుంది. అంటే బొమ్మను కాపాడటానికి అట్ట, అట్టను కాపాడటానికి పెట్టె. ఆ పెట్టెకు గీత పడితే ఏం చేయాలన్నది రాబోయే తరాల సమస్య. పాత అట్టలకు పైన కొక్కేనికి తగిలించే చిల్లు ఉంటుంది చూశారూ, ఆ చిల్లులోని చిన్న ముక్క ఊడిపోకుండా ఉంటే ఆ అట్టకు ధర ఇంకా ఎక్కువ. ఎందుకంటే అది కొక్కేనికి ఒక్కసారైనా వేలాడలేదు. షాపులో అమ్మకానికి పెట్టని బొమ్మే అన్నిటికన్నా బాగా అమ్ముడుపోయే బొమ్మ! తర్కశాస్త్రం చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త కుర్చీ పట్టుకుని కూర్చోండి.

అయ్యా, తమరిని చిల్లర మనిషి అని కొందరు తీసిపారేస్తున్నారు. వాళ్ళకి తమరి వంశం తెలియదు. మేం చెబుతాం. పదిహేడో శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీ, మన మచిలీపట్నంలో కోఠీ పెట్టుకుని కలంకారీ గుడ్డలు కొన్న ఆ డచ్చివాళ్ళే, తూర్పు దీవుల్లో తమ చేతికింద ఉన్న అంబన్ వైపు తప్ప మిగతాచోట్ల లవంగం చెట్లు నరికించారు. చెట్లకు చీడ పట్టలేదు. పక్కవాడి పెరట్లో లవంగం కాస్తే తమ లవంగానికి ధర పడిపోతుంది, అంతే. 1930లలో బ్రెజిల్ కాఫీ ధర నిలబెట్టడానికి ఏడు కోట్ల పైచిలుకు బస్తాల కాఫీ గింజల్ని కొన్నేళ్ళపాటు తగలబెట్టింది. 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు తపాలా బిళ్ళ ప్రపంచంలో ఒక్కటే ఉంది. 2014లో అది దాదాపు 95 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాని పాత యజమాని రెండోదాన్ని కూడా కొని, అక్కడికక్కడే చుట్టతో కాల్చేశాడని తపాలా బిళ్ళల లోకంలో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. ఇక ఖరీదైన బట్టలమ్మే బర్బరీ కంపెనీ అయితే 2 కోట్ల 86 లక్షల పౌండ్ల సరుకును ఒక్క ఏడాదిలో నాశనం చేసినట్టు 2018లో తన లెక్కల్లోనే రాసుకుంది. చవక చేతుల్లో పడితే పరువు పోతుందట. ఊరంతా ఛీ అన్నాక మానేస్తామంది.

చూశారా, ఎంత గొప్ప వంశమో! వాళ్ళ దగ్గర ఓడలున్నాయి, గొడ్డళ్ళున్నాయి, కొలుములున్నాయి. తమరి దగ్గర బొటనవేలు ఒక్కటే ఉంది. పని మాత్రం అదే. తన దగ్గరున్నదాని ధర పెంచడానికి పక్కవాడి దగ్గర ఉండాల్సినదాన్ని చెడగొట్టడం. వాళ్ళు చేస్తే వాణిజ్య వ్యూహం అన్నారు, ఎంబీఏలో పాఠం పెట్టారు. తమరు చేస్తే సీసీ కెమెరా తిప్పుతున్నారు. పేదవాడికి న్యాయం ఎక్కడుంది చెప్పండి?

తమరికి శిష్యగణం కూడా బాగానే పెరిగింది. ఒకాయన మూల నలిపి, ఆ నలుగునే మేనేజరుకు చూపించి, ‘పాడైన సరుకు కదా, తగ్గించండి’ అంటాడు. పాడు చేసిందీ ఆయనే, జాలి పడిందీ ఆయనే. ఇంకొకాయన బ్లేడుతో బుడగ అంచు లేపి, కొత్త బొమ్మ తీసి, కాలు విరిగిన పాత బొమ్మ పెట్టి, జిగురుతో అతికించి, నచ్చలేదని వాపసు ఇచ్చి డబ్బు తీసుకుంటాడు. ఆ పెట్టెను కొనే అమాయకుడు ఇంటికెళ్ళి చూసుకుంటే లోపల అవతారం మారిన వీరుడు కనిపిస్తాడు. మరొకరిది ఉత్త జిజ్ఞాస. లెగో కంపెనీ 2010 నుంచి చిన్న మనుషుల బొమ్మల్ని లోపల ఏముందో కనపడని సంచుల్లో అమ్మింది. జనం షాపులో నిలబడి ఒక్కో సంచీనీ పిసికి, టోపీ తగిలిందా కత్తి తగిలిందా అని నాడి చూసేవారు. 2023లో కంపెనీ సంచీ తీసేసి అట్టపెట్టెలు పెట్టింది. నాడి చూసేవాళ్ళు తక్కెడ తెచ్చారు, పెట్టెమీది కోడ్‌ను ఫోనుకు చూపించారు. దాచిపెట్టి అమ్మేవాడికీ, విప్పకుండా చూసేవాడికీ జరిగే ఈ పోటీలో నలిగేది మళ్ళీ పెట్టే.

హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ కథ ఇంకా రంజుగా ఉంటుంది. ప్యాకింగులో ప్లాస్టిక్ మానేస్తామని 2019లో ఆ కంపెనీ ప్రకటించింది. పెద్దవాళ్ళు కొనే వీరుల బొమ్మల పెట్టెలకు కూడా కిటికీలు తీసేసి అట్టతో మూసేసింది. భూమాత సంతోషించింది. కొనేవాళ్ళు మాత్రం బెంబేలెత్తారు. లోపల వీరుడి మొహం వంకరగా రంగేసి ఉందేమో, అసలు వీరుడే ఉన్నాడో లేడో! కిటికీ లేని పెట్టెకు కిటికీ చేసుకోవడం ఎంతసేపు? వేలు ఉంది కదా. 2023లో కిటికీలు తిరిగొస్తాయని కంపెనీయే ప్రకటించింది. ఒక బహుళజాతి సంస్థ పర్యావరణ విధానాన్ని వెనక్కి మళ్ళించిన పోరాటాలు చరిత్రలో తక్కువ. అందులో ఒకటి బొమ్మ మొహం చూడాలన్న పెద్దవాళ్ళ పట్టుదల.

తమరి పక్షాన వినిపించే వాదన కూడా మాకు తెలుసు. ‘అట్టే కదండీ! లోపలి బొమ్మ బాగానే ఉంది. దళారులు ముట్టుకోకుండా నేనే పిల్లల కోసం మిగిల్చాను’ అంటారు. ఆహా! ముందు మంచివి నాలుగు తమరి బుట్టలో పడ్డాకే ఈ పిల్లల మీద ప్రేమ పుట్టుకొచ్చిందన్నది చిన్న విషయం, వదిలేద్దాం. అట్టే కదా అన్న మాట మాత్రం వదలం. అట్టే అయితే తమరి ఇంట్లో గోడకు మేకులు కొట్టి అట్టలతో సహా ఎందుకు వేలాడదీశారు? తమరి అట్టకు ప్లాస్టిక్ తొడుగు ఎందుకు తొడిగారు? ఇతరులకు నష్టం కలిగించాలన్న ఉద్దేశంతో వస్తువు విలువను తగ్గించినా నేరమేనని భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ చెబుతుంది. వస్తువు విరగనక్కర్లేదు, విలువ తగ్గితే చాలు. ఆ విలువ ఎంతో, ఎక్కడ ఉందో తమరికన్నా బాగా తెలిసిన సాక్షి ఉండడు. తమరి గోడే తమరి మీద మొదటి సాక్ష్యం.

సంక్రాంతికో దసరాకో మన ఇళ్ళలో బొమ్మల కొలువు పెట్టేవారు. ఏడాదంతా పెట్టెలో ఉన్న బొమ్మల్ని బయటికి తీసి, మెట్లమీద పెట్టి, పేరంటాళ్ళను పిలిచేవారు. రంగు వెలిసిన కొండపల్లి అంబారీ ఏనుగు పక్కనే చెయ్యి విరిగిన చెట్టియారు కూడా దర్జాగా కూర్చునేవాడు. ఇప్పుడు డాలస్‌లోనూ కూకట్‌పల్లిలోనూ కొన్ని ఇళ్ళలో అట్టల కొలువు నడుస్తోంది. అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో బట్టలు నలిగినా ఫరవాలేదు, అట్ట నలగకూడదు. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లాడు గోడ వైపు చెయ్యి చాపితే ‘నాన్నా, అవి బొమ్మలు కావమ్మా’ అని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతారు. నిజమే చెబుతున్నారు పాపం.

అందుకే, అట్టవిరుపుల వారూ, తమరి మీద మాకు పూర్తి కోపం రావడం లేదు. తమరి గీత చూసి కన్నీళ్ళు పెట్టుకునే, బొమ్మలు పోగుచేసే కలెక్టరుదీ, కొరత పుట్టించి అమ్ముకునే కంపెనీదీ, తమరిదీ ఒకే మతం. ఎదుటివాడికి లేకపోవడమే నా వస్తువు విలువ అన్నది ఆ మతంలో మూలమంత్రం. కంపెనీ ఆ మంత్రాన్ని ఫ్యాక్టరీలో జపిస్తుంది, కలెక్టరు గోడ ముందు నిలబడి జపిస్తాడు. తమరు షాపు నడవలో బొటనవేలితో జపిస్తారు. ముగ్గురిలో మొహమాటం లేనివారు తమరే.

మందు మాత్రం ఒకటి ఉంది, చాలా చవక. ప్రతి షాపులో బిల్లు కౌంటరు దగ్గర ఒక కత్తెర వేలాడదీయాలి. కారుకు బిల్లు వేయగానే కౌంటరు పిల్ల అట్ట చించి, బుడగ విప్పి, కారును కొన్నవాళ్ళ అరచేతిలో పెట్టాలి. అట్ట అక్కడే చెత్తబుట్టలోకి. మర్నాటి నుంచి షట్టరు దగ్గర నలభై ఏళ్ళ కాపలాదార్లు ఉండరు, నూటికి మార్కులు వేసే సంస్థకు పేపర్లు రావు, తమరి గోటికి పని ఉండదు. కొక్కేల నిండా కార్లుంటాయి, పిల్లాడికి ఎర్ర కారు దొరుకుతుంది.

ఈ మందు ఎవరూ మింగరని మాకు తెలుసు. అందరికన్నా ముందు కోర్టుకు పరిగెత్తేది కంపెనీ. దాని వెనకే కలెక్టర్ల సంఘం. వాళ్ళ వెనకాల, మొహానికి మాస్కు పెట్టుకుని, ‘అట్టల పవిత్రతను కాపాడండి’ అని ప్లకార్డు పట్టుకుని తమరు.

అప్పుడైనా ఆ ప్లకార్డు మూల మడవకండి. అదీ అట్టే.