కామా పక్కన ఖాళీ

విజయవాడ బెంజ్ సర్కిల్లో ఆటో ఆపి "రామవరప్పాడు రింగు, ఇద్దరం, సామాను లేదు" అంటే చాలు. "సామాను లేదు బాబాయ్, ఇద్దరమే, రింగు దాకా" అని తిరగేసి చెప్పినా అదే ఆటో, అదే బేరం. చెన్నై-కోల్‌కతా హైవే బందరు రోడ్డును దాటే ఆ కూడలి హోరులో సగం మాట వినపడకపోయినా, మిగతా సగం డ్రైవరే పూరించుకుంటాడు.

రేక్ దగ్గర ఆ పప్పులుడకవు. జిమ్ వైరిక్ రూబీ భాషలో రాసిన సాధనం ఇది. రైల్స్‌తో వెబ్‌సైట్లు కట్టేవాళ్లు పాత రికార్డులు ఊడ్చాలన్నా, నెలాఖరు బిల్లులు పంపాలన్నా టెర్మినల్లో దీనికే పురమాయిస్తారు. వివరాలు చదరపు బ్రాకెట్లలో, వరస తప్పకుండా ఇవ్వాలి: రేక్ బిల్లులు[పటమట,2]. కామా తర్వాత చోటు వదిలారో, టెర్మినల్లో మన మాట ముందుగా వినే షెల్ అక్కడే లైన్ని రెండు ముక్కలు చేస్తుంది. మొదటి ముక్క చూసి రేక్ "డోంట్ నో హౌ టు బిల్డ్ టాస్క్" అంటుంది. కామా తర్వాత చోటు వదలమని బడిలో చెవి మెలేసి నేర్పించారు మరి!

మాక్ మీద ఇంకో తిరకాసు. 2019లో కాటలినా వెర్షన్‌తో ఆపిల్, షెల్‌గా బాష్‌ను పక్కనపెట్టి జెడ్‌షెల్‌ను ఎక్కించింది. చదరపు బ్రాకెట్ కనబడితే ఈ కొత్త షెల్ ఫైళ్ల పేర్లు వెతకమన్నారనుకుంటుంది. వెతికి, దొరక్క, "నో మ్యాచెస్ ఫౌండ్" అని చేతులెత్తేస్తుంది. మా మేనల్లుడు ఇది చూసి ఒక పూటంతా రేక్‌ను తిట్టాడు. పాపం, రేక్ దాకా కబురు చేరనే లేదు. బ్రాకెట్లతో సహా మొత్తాన్ని కొటేషన్లలో పెడితే ఈ రెండు గొడవలూ ఒకేసారి తీరతాయి.

అసలు ముప్పు "ఫాల్స్" దగ్గరుంది. బ్రాకెట్లో ఏమిచ్చినా రేక్ అక్షరాలుగానే అందిస్తుంది. రూబీ లెక్కలో నిల్, ఫాల్స్ అనే రెండు విలువలు తప్ప అన్నీ నిజాలే కనుక, అక్షరాల్లో వచ్చిన "ఫాల్స్" కూడా నిజమే! మేనల్లుడి ఆఫీసులో ఒకాయన "నిజంగా పంపాలా?" అనేచోట ఫాల్స్ అనిచ్చి, ఉత్త పరీక్షే కదా అని టీకి దిగాడు. తిరిగొచ్చేసరికి కస్టమర్లందరికీ బిల్లులు వెళ్లిపోయాయి. వద్దన్నవాణ్ణి ఎక్కించుకుపోయిన ఆటో మా బెంజ్ సర్కిల్లో నేనింతవరకు చూళ్లేదు.

పేరు పెట్టి చెప్పే పద్ధతీ ఉంది. డీబీ రోల్‌బ్యాక్ పక్కన స్టెప్=3 అని రాస్తే డేటాబేసులో చేసిన మూడు మార్పులు (మైగ్రేషన్లు) వెనక్కెళతాయి. బ్రాకెట్లుండవు, ముందూ వెనకా గొడవుండదు. నా ఓటు దీనికే. అయితే ఇక్కడా అందేవి అక్షరాలే సుమండీ.

కాబట్టి రైల్స్ రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, "ట్రూ" అని అక్షరాలా ఇస్తే తప్ప కదలొద్దని టాస్కులోనే ఒక షరతు రాసిపెట్టండి. రోల్‌బ్యాక్ డేటాబేసుకే ఉంది, వెళ్లిపోయిన మెయిళ్లకి లేదు.