అంచుల్లో చోటు ఉంచండి: ఒక వంశవృక్షం ఆత్మకథ

నేనొక వంశవృక్షాన్ని. ముప్పై అంగుళాల పొడవు, ఇరవై రెండు అంగుళాల వెడల్పు ఉన్న మందపాటి డ్రాయింగు షీటు మీద, బందరు దగ్గర ఒక పల్లెలో, హైస్కూలు డ్రాయింగు మాస్టారి చేతుల మీదుగా పుట్టాను. నాలో ఐదు తరాల మనుషులున్నారు. ఇప్పుడు నేనున్నది పాత దినపత్రికల కట్టలో. రేపో ఎల్లుండో పాతపేపర్లు కొనే మనిషి వచ్చి కాటాలో వేస్తాడు. నన్ను తీసి పారేసిన వాళ్ల మీద నాకు కోపముంది. ఆ కోపం సంగతి తర్వాత చెబుతాను. వంశవృక్షం గీయడానికి ఏ పనిముట్లు పనికొస్తాయో, ఏవి దాన్ని పాడుచేస్తాయో నా ఒంటిమీదే కనిపిస్తుంది. మీ ఇంటి పటం గీయాలన్న ఆలోచన మీకుంటే, ముందు నన్ను ఒకసారి చూడండి.

మాకూ పూర్వీకులున్నారు. ఒకప్పుడు రాజుల వంశాలు రాళ్ల మీద చెక్కేవారు. కాకతీయుల తొలి తరాల వివరాలు తెలియడానికి బయ్యారం చెరువు శాసనం ముఖ్యమైన ఆధారం. దాన్ని వేయించింది ఒక ఆడపడుచు, గణపతిదేవుని సోదరి మైలాంబ. రైతు కుటుంబాల వంశాలకు రాళ్లెక్కే యోగం లేకపోయింది. వాటిని వంశరాజులనే వాళ్లు నోటనే నిలుపుకున్నారు. ఊరూరా తిరుగుతూ గోత్రాలు, ఇంటిపేర్లు, తాతముత్తాతల కథలు పాడి వినిపించేవారు. గయలోనూ హరిద్వారంలోనూ పండాలు తమ దగ్గరికొచ్చిన యాత్రికుల పేర్లను తరతరాలుగా పద్దుపుస్తకాల్లో ఎక్కిస్తూ వచ్చారు. ఆ తర్వాత వచ్చిన కాగితపు సంతానం మేము.

మా మాస్టారింట్లో నాకంటే ముందు ఒక వంశవృక్షం ఉండేది. పొలం పంపకాల దావాకు జతచేయడానికి ప్లీడరుగారి గుమాస్తా రాసిన కాగితమది. తాత, ఆయన కొడుకులు, వాళ్ల కొడుకులు. ఎక్కడా ఒక్క ఆడపేరు లేదు. మాస్టారిని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మేనత్త కూడా అందులో లేదు. ఆస్తిలో వాటా ఉన్నవాళ్ల పేర్లు ఉంటే చాలు గనుక అలా రాశారు. అంతలో చట్టమే మారింది. 1985 సెప్టెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005లో ఆ హక్కు పెళ్లయిన కూతుళ్లకూ, దేశం మొత్తానికీ విస్తరించింది. మాస్టారు నన్ను గీయడానికి కూర్చున్నది 1986లో. గుమాస్తా కాగితం పక్కన పెట్టి, వాటాల లెక్కతో పనిలేకుండా పుట్టిన ప్రతి మనిషికీ చోటిస్తానన్నాడు. అందుకే ఆయన మొదట పట్టుకున్నది స్కేలూ కాదు, పెన్సిలూ కాదు. ఒక తెల్ల నోటుపుస్తకం పట్టుకుని మేనత్త దగ్గరికి వెళ్లాడు.

“అత్తయ్యా, నాన్న ఏ సంవత్సరంలో పుట్టాడు?”

“రక్తాక్షిలోరా. మా తాతదీ రక్తాక్షే. బందరు ఉప్పెన వచ్చినప్పుడు నెలల పిల్లాడట.”

తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. రక్తాక్షి అంటే 1864–65 కావచ్చు, 1924–25 కావచ్చు. పేరొక్కటే రాసుకుంటే తాతా మనవడూ ఒకే ఏడు పుట్టినట్టు కనిపిస్తారు. బందరును ఉప్పెన ముంచెత్తింది 1864 నవంబరు 1న. ఆ ఒక్క ముక్కతో తాత ఆ ఏటి ఉగాదికీ నవంబరుకూ మధ్య పుట్టాడని తేలిపోయింది. మాస్టారు తెలుగు సంవత్సరం, దాని పక్కన ఇంగ్లీషు సంవత్సరం, దాని కింద “అత్తయ్య చెప్పింది” అని రాసుకున్నాడు. వంశవృక్షానికి అన్నిటికన్నా ముందు కావలసిన పనిముట్టు ఆ నోటుపుస్తకమే. ఎవరు చెప్పారో రాసిపెట్టని పేరు, తర్వాతి తరానికి అనుమానంగానే మిగులుతుంది.

ఇక నన్ను గీసిన తీరు. చాలామంది తాతగారి పేరు కాగితం నడుమ రాసేసి కిందికి గీసుకుంటూ పోతారు. మూడో తరానికి వచ్చేసరికి పక్కన చోటు చాలక అక్షరాలు ఇరుకవుతాయి, గీతలు వంకరపోతాయి. మా మాస్టారు ముందు ఏ తరంలో ఎక్కువ మందున్నారో లెక్కపెట్టాడు. దంపతులను ఒకే గడిలో చూపితే మూడో తరంలో పదమూడు గడులయ్యాయి. అటూ ఇటూ రెండేసి అంగుళాల అంచు వదిలితే ఇరవై ఆరు అంగుళాలు మిగిలాయి, గడికి రెండంగుళాలు. ఎత్తులో కూడా పైనా కిందా అంచు వదిలి, మిగిలిన పద్దెనిమిది అంగుళాలను ఆరు వరుసలు చేశాడు. మనుషులున్నది ఐదు వరుసల్లోనే. ఆరోది పుట్టబోయే వాళ్లకని ఖాళీగా వదిలాడు. ఆ ఖాళీ వరుస నాకు ఎంత గర్వమో మాటల్లో చెప్పలేను.

ఆయన పెన్సిళ్లు ఎంచుకున్న తీరు నాకింకా గుర్తుంది. ఆధార గీతలకు 2హెచ్ వాడాడు. అది గట్టిది, సన్నగా, లేతగా గీస్తుంది, ఒత్తకుండా గీస్తే తుడిచాక గుర్తు మిగలదు. పేర్లకు హెచ్‌బి. 2బి పెట్టెలోనే ఉండిపోయింది, మెత్తన గనుక చెయ్యి తగిలితే నల్లగా పాముకుంటుందని. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి మధ్యలో రెండు చిన్న గీతలు. మానవశాస్త్రజ్ఞులు వాడే గుర్తులివి. రివర్స్ అనే పండితుడు 1901–02లో నీలగిరుల్లో తోడా తెగవారి మధ్య ఉండి, ఇలా వంశక్రమాలు సేకరించే వాళ్ల సమాజాన్ని అర్థం చేసుకున్నాడు. వైద్యులు జన్యు జబ్బుల కోసం గీసే పటాల్లో మాత్రం మగవాళ్లకు చతురస్రం ఉంటుంది, రక్తసంబంధీకుల మధ్య పెళ్లికి జంటగీత ఉంటుంది.

ఆ జంటగీతతో మన ఇళ్లలో చాలా అవసరం. కొడుకు కూతుర్ని కూతురి కొడుక్కిచ్చారనుకోండి, రెండు కొమ్మలు మళ్లీ కలుస్తాయి. చెట్టులా పైనుంచి కిందికి పాయలు విడిపోతూ పోయే పటంలో మేనరికం ఇమడదు. నాలో అలాంటి పెళ్లిళ్లు మూడున్నాయి. మాస్టారు ఆ మూడుచోట్లా ఒక వంపుగీత తిప్పి జంటగీతతో కలిపాడు. చెయ్యీ పెన్సిలూ ఉంటే అది చిటికెలో పని.

పెన్సిలు పటంగానే నన్ను కొన్నాళ్లు వసారా గోడకు ఆనించి ఉంచాడు. వచ్చినవాళ్లు చూసి తప్పులు చెప్పారు. “మా అక్క నాకంటే పెద్దది, నా తర్వాత రాశావేం?” అని ఒకావిడ నిలదీసింది. అన్నీ సరిచూసుకున్నాకే ఉక్కు పాళీ తీశాడు. ఇద్దరు మనుషులు ఒకే మాట చెప్పిన పేర్ల మీదే నల్లసిరా దిద్దాడు. అనుమానం ఉన్నవి పెన్సిల్లోనే ఉంచాడు. సిరా కూడా చూసి కొన్నాడు. అది మసితో చేసిన డ్రాయింగు సిరా. మసి అంటే కర్బనం, పెన్సిలు ముల్లులో ఉండే గ్రాఫైటూ కర్బనమే. కర్బనానికి ఎండా వెలుతురూ ఏమీ చేయలేవు. ఆయన దిద్దిన ప్రతి అక్షరం నా మీద ఈ రోజుకీ నల్లగానే ఉంది.

నా కష్టాలు ఆయన పోయాక మొదలయ్యాయి.

నన్ను అద్దం లేకుండా పడమటి గోడకు మేకులు కొట్టి తగిలించారు. రోజూ పొద్దుటి ఎండ నా మీదే పడేది. ఇంట్లో పిల్లలు పుట్టినప్పుడల్లా ఎవరో ఒకరు చేతికందిన కలంతో పేరు చేర్చేవారు. ఒకరు బాల్‌పెన్నుతో రాశారు, ఒకరు ఎర్ర స్కెచ్‌పెన్నుతో. ఆరో వరుస నిండుతోందని నేను సంబరపడ్డాను. ఆ రంగులు ఎండకు నిలవవని వాళ్లకు తెలియదు. ఎరుపు ముందు గులాబీరంగుకు తిరిగి, చివరికి గుర్తుపట్టలేనంతగా పోయింది. బాల్‌పెన్ను నీలం వెలిసి బూడిదరంగైంది. 1864లో పుట్టిన ముత్తాత పేరు స్పష్టంగా ఉంది, ఆరో వరుసలోని పిల్ల పేరు కనబడడం లేదు. ఒక పెన్సిలు ముక్కతో రాసినా ఆ పిల్ల పేరు నా దగ్గర ఉండేది.

మేకు దగ్గర చిరిగితే సెల్లోటేపు అంటించారు. అంతకన్నా చిరుగే నయం. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి, కాగితంలోకి ఇంకి, గోధుమరంగు మచ్చయింది. పైనున్న ప్లాస్టిక్కు ఎండి రాలిపోయింది, మచ్చ మాత్రం ఎవరూ తీయలేనిదిగా ఉండిపోయింది. దాని కింద ఇద్దరు అన్నదమ్ములున్నారు. వెనకవైపు నుంచి పలచటి కాగితం పలచటి గంజితో అతికించి ఉంటే నాకు ఈ బాధ ఉండేది కాదు. గంజిని ఇష్టపడే పురుగులుంటాయి కాబట్టి, గంజి వాడితే మరీ జాగ్రత్తగా పొడిచోట దాచాలి.

పొడిచోటు నాకు దొరకలేదు. గోడకు రంగులేసే రోజుల్లో నన్ను చుట్టచుట్టి, రబ్బరుబ్యాండు వేసి అటక మీద పెట్టారు. మళ్లీ దించలేదు. వానాకాలం పైకప్పు కారిన చోట ఆ స్కెచ్‌పెన్ను రంగులో మిగిలిందేదో నీళ్లలో కరిగి పక్క పేర్ల మీదికి పాకింది. రబ్బరుబ్యాండు ఎండి నాకు అతుక్కుపోయింది. కింద ఇంట్లో పెళ్లిళ్లు జరిగేవి, బారసాలలు జరిగేవి. ఫలానావాళ్లు మనకేమవుతారని ఎవరో అడగడం, తెలియదని ఇంకెవరో అనడం నాకు వినిపించేది. సమాధానం నా రెండో వరుసలో ఉంది. నన్నడగాలని ఒక్కరికీ తోచలేదు.

అలాగని కంప్యూటరు మీద నాకు ద్వేషం లేదు. అమెరికాలో ఉన్న మాస్టారి మనవడు ఒక సెలవుల్లో నన్ను దించి, ఫొటో తీసుకుని, నా పేర్లన్నీ ఒక ప్రోగ్రాములో ఎక్కించాడు. శ్రద్ధగా చేశాడు. అతని పని చూశాక నాకు కొన్ని సంగతులు అర్థమయ్యాయి. బొమ్మలు గీసే ప్రోగ్రాము వేరు, వంశావళి ప్రోగ్రాము వేరు. మొదటిదానిలో గడి గడే, గీత గీతే. మధ్యలో ఒక మనిషిని చేర్చాలంటే అన్నిటినీ చేత్తో జరపాలి. మూడు నాలుగు తరాల చిన్న కుటుంబానికి అది చాలు, ఆ మాటకొస్తే కాగితమూ చాలు. రెండోదానిలో ఎవరికి ఎవరు తల్లో, తండ్రో, భర్తో భార్యో చెబితే పటం అదే గీస్తుంది, మనిషి చేరితే అదే సర్దుకుంటుంది. వందమంది దాటిన కుటుంబానికి అదే మేలు. గ్రాంప్స్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. అయితే మేనరికం దగ్గర చాలా ప్రోగ్రాములు ఒకే మనిషిని రెండుచోట్ల చూపిస్తాయి. అది చూసి ఇద్దరనుకోకూడదు.

ప్రోగ్రాము ఏదైనా, అందులోని సమాచారం జెడ్‌కామ్ అనే రూపంలో బయటికి వస్తుందో లేదో ముందు చూసుకోవాలి. లేటర్ డే సెయింట్స్ చర్చివారు 1984లో రూపొందించిన ఆ పద్ధతి మామూలు అక్షరాల ఫైలు, దాదాపు అన్ని వంశావళి ప్రోగ్రాములూ చదువుతాయి. ఒక కంపెనీ మూతపడినా, ఒక ఫోను పోయినా, ఆ ఫైలు చేతిలో ఉంటే కుటుంబం పోదు. ఇవేవీ రానివాళ్లు కంప్యూటరులో మామూలు పట్టీ వేసుకున్నా చాలు. మనిషికొక వరుస, అందులో పేరు, తల్లి, తండ్రి, జత, పుట్టిన ఏడు, పోయిన ఏడు, చెప్పినవారు ఎవరు అన్న గడులుండాలి. ఏడాదికోసారి దాన్ని అచ్చుతీసి బీరువాలో పెట్టాలి.

నా కోపమంతా ఆ తర్వాత వచ్చినదాని మీద. ఇంట్లో షష్టిపూర్తికి ఒక ఫ్లెక్సీ వేయించారు. పచ్చటి చెట్టు బొమ్మ, ఆకుల్లో గుండ్రటి ఫొటోలు. చూడ్డానికి బాగుంది. కానీ ఫొటో ఉన్నవాళ్లకే ఆకు దక్కింది. ఉప్పెనలో బతికి బట్టకట్టిన ముత్తాతకు ఫొటో లేదు, ఆయన పోయాడు. మాస్టారి మేనత్త ఫొటో దొరకలేదు, ఆవిడ మళ్లీ పోయింది. గుమాస్తా కాగితంలో లేని మనిషిని మాస్టారు నా మీదికి తెస్తే, ఫ్లెక్సీ మళ్లీ బయటికి పంపింది. అమెరికా మనవడి ఫైలు పంపమని అడిగినవారు లేరు. కొత్తది వచ్చింది కదా అని నన్ను పేపర్ల కట్టలో పెట్టారు.

ఇంకొక సంగతి మనవడి ఫైల్లో కూడా లేదు. తీసిన ఫొటోలో నా అంచులు పడలేదు. మాస్టారు పెన్సిలుతో రాసిన మాటలన్నీ ఆ అంచుల్లోనే ఉన్నాయి. రెండో వరుస చివర ఒక చిన్న వృత్తం, దాని పక్కన “ఆడపిల్ల. పురుడు రోజే పోయింది. పేరు పెట్టలేదు. అత్తయ్య చెప్పింది” అని ఉంది. ఆ పిల్ల ఈ లోకంలో పుట్టిందనడానికి ఉన్న ఆధారం ఆ ఒక్క పెన్సిలు రాతే.

మీ ఇంటి వంశవృక్షం గీయబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర ఈ ఆదివారమే కూర్చోండి. మంచి మందపాటి కాగితం, ఒక హెచ్‌బి పెన్సిలు, నల్లటి కర్బనపు సిరా తెచ్చుకోండి. అంచులు వెడల్పుగా వదలండి, ఒక వరుస ఖాళీగా ఉంచండి. కంప్యూటరులోకి ఎక్కిస్తే అంచుల్లో ఉన్నవీ ఎక్కించండి. పాత పటాన్ని తీసేయాలనుకుంటే తీసేయండి, నన్ను కిలోల లెక్కన అమ్ముకున్నా నేను ఓర్చుకుంటాను. కాటాలో వేసే ముందు మాత్రం నా రెండో వరుస చివరనున్న ఆ పిల్లను ఎత్తిరాసుకోండి.