ఇన్వర్టర్ బ్యాటరీ మార్చేవేళ వినకూడని సలహాలు

కరెంటు పోయిన పది నిమిషాలకే ఫ్యాను నీరసించి, ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయిందంటే, ఆ సాయంత్రానికల్లా ఇంట్లోకి సలహాలు వచ్చిపడతాయి. పక్కింటాయన ఒకటి చెబుతారు, బావగారు ఫోన్లో ఇంకోటి చెబుతారు, కొట్టతను మరోటి. అందరూ మన మేలు కోరేవాళ్లే. కానీ ఆ సలహాల్లో సగానికి సగం తప్పు. వాటన్నిటిలో ఉన్న లోపం ఒక్కటే: పాత బ్యాటరీ ఎందుకు పోయిందో ఎవరూ అడగరు. అది తేలకుండా కొత్తది తెచ్చిపెడితే, రెండేళ్లకో మూడేళ్లకో అదీ అలాగే పోతుంది.

మొదటి సలహా ఎప్పుడూ ఇదే: "బ్యాకప్ రావట్లేదంటే బ్యాటరీ అయిపోయినట్టే, మార్చేయండి." అయిపోయి ఉండొచ్చు. కానీ టెర్మినళ్ల చుట్టూ తెల్లగా, నీలిపచ్చగా పొడి పేరుకుని కేబుల్ పట్టు సడలినా బ్యాకప్ పడిపోతుంది. నెలల తరబడి ఎవరూ మూత తీయక నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయినా పడిపోతుంది. ఇన్వర్టర్‌లో చార్జింగ్ చేసే భాగం చెడిపోయి, బ్యాటరీ సగం ఆకలితోనే ఉంటున్నా పడిపోతుంది. పిల్లల గదికి కొత్తగా లాగిన ప్లగ్ పాయింటు ఇన్వర్టర్ లైను మీదికి వెళ్లిందనీ, అక్కడ ఎవరో ఇస్త్రీపెట్టె పెడుతున్నారనీ చాలా ఆలస్యంగా తెలుస్తుంది. వీటిలో ఏది కారణమైనా కొత్త బ్యాటరీ కొనడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

తేల్చుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. బ్యాటరీలో నీళ్లు సరిపడా ఉన్నాయో లేదో చూసి, పూర్తిగా చార్జింగ్ పెట్టి, తర్వాత ఇన్వర్టర్ నుంచి విడదీసి కొన్ని గంటలు ఊరికే ఉంచండి. అప్పుడు మల్టీమీటర్‌తో కొలిస్తే ఆరోగ్యంగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 లేదా 12.7 చూపించాలి. 10.5 దగ్గరే ఆగిపోయిందంటే ఆరు సెల్లుల్లో ఒకటి షార్టయి ఉంటుంది, ఎందుకంటే ఒక్కో సెల్లు ఇచ్చేది రెండు వోల్టులు, ఆపైన కాస్త. చార్జింగ్ తీయగానే కొలవకండి. ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది.

దానికన్నా నమ్మదగినది హైడ్రోమీటర్. గాజు గొట్టం, లోపల తేలే బుడ్డి, పైన రబ్బరు తిత్తి, అంతే. బ్యాటరీలు అమ్మేచోటే దొరుకుతుంది, పెద్ద ఖరీదూ కాదు. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని ఒక్కో సెల్లు మూత తీసి, యాసిడ్ పైకి లాగి, బుడ్డి ఎక్కడ తేలిందో చూసి కాగితం మీద రాసుకోండి. ఇంట్లో వాడే ట్యూబులర్ బ్యాటరీ నిండా చార్జయితే 1.240 దరిదాపుల్లో ఉంటుంది. 1.240, 1.235, 1.240, 1.120, 1.235, 1.240 అని వచ్చిందనుకోండి, నాలుగో సెల్లు పోయింది. ఆ బ్యాటరీ మార్చాల్సిందే. అలా కాకుండా ఆరూ వరసగా 1.160 దగ్గరే ఉంటే సంగతి వేరు. ఏ ఒక్క సెల్లూ చావలేదు, అన్నీ కలిసి చార్జింగ్ చాలక నీరసించాయి. ముందు చూపించాల్సింది ఇన్వర్టర్‌ని. ఈ తేడా చెప్పకుండా బ్యాటరీ అమ్మేవాళ్లంటే నాకు కోపం. ఆరు అంకెలు రాసుకోవడానికి పట్టేది పావుగంట, ఆ పావుగంట ఒక కుటుంబానికి వేల రూపాయలు మిగల్చగలదు.

కొత్తరకం చావు ఇంకొకటి వచ్చింది. 2012, 2013 నాటి కోతల్లో రోజూ గంటలకు గంటలు బ్యాటరీలు పనిచేసి అరిగిపోయేవి. ఇప్పుడు చాలా పట్టణాల్లో కోతలు అంతగా లేవు. బ్యాటరీ నెలల తరబడి చార్జింగ్ మీదే కూర్చుంటుంది. "వాడట్లేదు కదా, దాన్ని పట్టించుకోనక్కర్లేదు" అనేది ఈ కాలపు తప్పు సలహా. వాడకపోయినా నీళ్లు తగ్గుతూనే ఉంటాయి. పొడుగాటి ట్యూబులర్ బ్యాటరీలో చిక్కటి యాసిడ్ అడుగుకు చేరి, పైన పలచబడుతుంది. గాలివాన వచ్చి రాత్రంతా కరెంటు పోయిన రోజున గానీ అది డొల్లయిందని తెలియదు. నెలకోసారి మెయిన్ ఆపి గంటో గంటన్నరో ఇన్వర్టర్ మీద నడపండి. అదే వ్యాయామం, అదే పరీక్ష.

ఇక అన్నిటికన్నా చెడ్డ సలహా: "కాస్త యాసిడ్ పోయిస్తే మళ్లీ లేస్తుంది." పులుసు మరిగి చిక్కబడితే నీళ్లు పోస్తాం గానీ ఇంకో నిమ్మకాయంత చింతపండు పిసకం. బ్యాటరీలోనూ తగ్గేది నీరే. చార్జింగ్ చివర్లో నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి బయటికి పోతుంది, సల్ఫ్యూరిక్ యాసిడ్ లోపలే ఉంటుంది. చార్జింగ్ లేనప్పుడు మాత్రం ఆ యాసిడ్‌లో ఉండే సల్ఫేటు ప్లేట్ల మీదికి చేరుతుంది. హైడ్రోమీటర్ తక్కువ చూపించేది అందుకే. పైనుంచి కొత్త యాసిడ్ పోస్తే బుడ్డి పైకి తేలుతుంది, ప్లేట్లు మాత్రం ఎక్కడివక్కడే. నాలుగు రోజులు బాగైనట్టు అనిపిస్తుంది, తర్వాత ఆ గాఢత ప్లేట్లనూ మధ్య పొరలనూ తినేస్తుంది. ఒలికిపోయిన యాసిడ్ నింపాలంటే తప్ప ఆ సీసా ఇంటి గడప తొక్కకూడదు. ఎప్సమ్ సాల్టు, "లైఫ్ పెంచే" లిక్విడ్లు కూడా రాలిపోయిన ప్లేటును తిరిగి అతికించలేవు.

"ఏసీ నీళ్లు డిస్టిల్డ్ వాటరే కదా!" చదువుకున్నవాళ్ల నోటి నుంచి కూడా ఈ మాట వింటాను. ఏసీ గొట్టంలోంచి వచ్చేది గాలిలోని ఆవిరి చల్లబడి కారిన నీరే, నిజమే. కానీ అది రాగి, అల్యూమినియం చుట్ల మీదుగా, ఏడాది మట్టిని కడుక్కుంటూ వస్తుంది. ఆర్వో నీళ్లలో లవణాలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. మినరల్ వాటర్లో ఖనిజాలు కావాలనే ఉంచుతారు. ఇనుము, క్లోరిన్ లాంటివి కొద్దిగా చేరినా బ్యాటరీ తనలో తానే చార్జి కోల్పోతుంది. బ్యాటరీలకోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ డబ్బా చవకే, దాని దగ్గర పొదుపు వద్దు. మరో మాట: నీళ్లు పోసేది చార్జింగ్ పూర్తయ్యాక. ప్లేట్లు బయటపడి కనిపిస్తుంటే మాత్రం ముందు అవి మునిగేంత పోసి, మిగతాది తర్వాత పోయాలి. ముందే గీత దాకా నింపితే చార్జింగ్‌లో పొంగి, యాసిడ్ మూతల మీదుగా కారి ట్రాలీని తినేస్తుంది.

మార్చాల్సిందేనని తేలిందా, అప్పుడు "ఎలాగూ కొంటున్నారు, ఈసారి 200 ఏహెచ్ వేయించండి" అంటారు. పెద్దది మంచిదే, నింపగలిగితే. 150 ఏహెచ్ బ్యాటరీకి 15 ఆంపియర్ల చార్జింగ్ ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క, అంటే సామర్థ్యంలో పదో వంతు. మీ చిన్న ఇన్వర్టర్ 10 ఆంపియర్లే ఇస్తుంటే 200 ఏహెచ్ నిండటానికి ఇరవై గంటలు దాటుతుంది. రోజూ కోతలుండే ఊళ్లో అది ఎప్పటికీ నిండదు, నిండని బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి త్వరగా పోతుంది. పెద్దది కొనేముందు లోడు లెక్కేయండి. మూడు మామూలు ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, వైఫై కలిపి సుమారు 270 వాట్లు. దీనిమీద మంచి 150 ఏహెచ్ బ్యాటరీ నాలుగు గంటల దాకా లాగుతుంది. అవే మూడు ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీవి అయితే లోడు సగానికి పడిపోతుంది, అదే బ్యాటరీ రెట్టింపుకు పైగా వస్తుంది. బ్యాటరీ పెద్దది చేయడానికి పెట్టే డబ్బు ఫ్యాన్ల మీద పెడితే కరెంటు బిల్లూ తగ్గుతుంది.

కారు బ్యాటరీ పెట్టమనే సలహా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది ఇంజను స్టార్టయ్యే కొన్ని క్షణాలు బలంగా కరెంటు ఇవ్వడానికి పలచటి ప్లేట్లతో చేసింది. గంటల తరబడి పిండితే నెలల్లోనే పోతుంది.

24 వోల్టుల ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో రెండు బ్యాటరీలు వరసలో ఉంటాయి. "ఒకటే పోయింది, ఒకటే మార్చండి" అన్నది వినడానికి బాగుంటుంది. కానీ ఇన్వర్టర్‌కు కనిపించేది రెండింటి మొత్తం వోల్టేజీయే. పాతది ముందే ఖాళీ అయి అడుగంటుతుంటే, కొత్తదాని బలం చూసి ఇన్వర్టర్ ఇంకా లాగుతూనే ఉంటుంది. చార్జింగ్‌లో ఒకటి ఎక్కువ తిని, ఇంకోటి తక్కువ తింటుంది. కొన్ని నెలల తేడాతో కొన్నవైతే పర్వాలేదు గానీ, నాలుగేళ్ల పాతదాని పక్కన కొత్తది పెట్టడం దండగ. రెండూ ఒకేరకం, ఒకే సామర్థ్యం, దగ్గరి తయారీ తేదీలవి తీసుకోండి. తయారీ తేదీ పైన ముద్రించి ఉంటుంది, కొట్లోనే చదివించుకోండి. ఏడాదిగా చార్జింగ్ లేకుండా మూలన పడి ఉన్నది కొత్తదెలా అవుతుంది?

లిథియం గురించి ఈమధ్య "పాత వైర్లకే తగిలించేయండి, నీళ్ల బాధ ఉండదు" అంటున్నారు. నీళ్ల బాధ లేదన్నది నిజం, బరువూ తక్కువే. కానీ చార్జింగ్ వోల్టేజీ పద్ధతి వేరు. మీ ఇన్వర్టర్ లిథియానికి సరిపడుతుందని దాని పుస్తకంలో ఉంటేనే కొనండి. ఇన్వర్టర్ వెనక బ్యాటరీ రకం ఎంచుకునే చిన్న స్విచ్చి చాలావాటికి ఉంటుంది. ఫ్లాట్ ప్లేటు నుంచి ట్యూబులర్‌కు మారినా ఆ స్విచ్చి మార్చాలి. ఆ ఒక్క మీట కదపక ఏళ్ల తరబడి తక్కువ చార్జింగ్‌తో నడిచే బ్యాటరీలు ఎన్నో.

బిగించే రోజు వినిపించేది: "ఐదు నిమిషాల పని, మెయిన్ ఆపక్కర్లేదు." వద్దు. ఇన్వర్టర్ ఆపండి, గోడ ప్లగ్ తీయండి, కిటికీలు తెరవండి. కాసేపటి క్రితం దాకా చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ మూతల దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, గాలిలో అది నాలుగు శాతమైతే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. మెట్ల కింద బ్యాటరీ పెట్టి, దాని పైన గూట్లో దీపం వెలిగించే ఇళ్లున్నాయి. దయచేసి రెండింటిలో ఒకటి మార్చండి. ఉంగరం, గడియారం, చేతి గాజులు తీసేయండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి. రెండు టెర్మినళ్లకూ ఒకేసారి ఇనుము తగిలితే ఎర్రగా కాలిపోతుంది. నెగెటివ్ ముందు విప్పండి, బిగించేటప్పుడు చివర బిగించండి. విప్పకముందే ఫొటో తీసుకోండి, కానీ ఫొటోలో వైరు ఏ పక్కన ఉందో చూసి బిగించకండి. కొత్తదానిమీద ప్లస్సు ఎడమవైపు ఉండొచ్చు, గుర్తు చదివే బిగించాలి. తారుమారైతే ఇన్వర్టర్ కాలిపోతుంది. యాసిడ్‌తో నిండిన 150 ఏహెచ్ బ్యాటరీ యాభై కిలోల పైమాటే, ఒక్కరే ఎత్తొద్దు. ఒంటిమీద చింది పడితే కొళాయి కింద పావుగంట కడగండి. కంట్లో పడితే కడుగుతూనే ఆస్పత్రికి బయల్దేరాలి. నేలమీద ఒలికితే వంటసోడా చల్లండి.

ఎండ తగిలే బాల్కనీలోనో, రేకుల కింద గదిలోనో పెట్టమంటే ఒప్పుకోకండి. వేడి పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. రాయలసీమలోనో గుంటూరులోనో మే నెల ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? బిగించాక "ఒకసారి లోడు పెట్టి చూద్దాం" అని తొందరపడకుండా, రాత్రంతా చార్జింగ్‌లో ఉంచండి. టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ రాయండి.

చివరికి పాతది మిగులుతుంది. "యాసిడ్ కాలవలో పారబోసి, పాత ఇనుము కొనేవాడికి తూకానికి వేసేయండి" అంటారు. ఆ యాసిడ్‌లో సీసం కలిసి ఉంటుంది. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. పెరట్లో పగలగొట్టి, పొయ్యి మీద కరిగించేచోట ఆ పొగ పీల్చేది ఆ వీధి పిల్లలు. వాళ్ల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది, ఆ దెబ్బ మళ్లీ మానదు. మనం పదో పరకో ఎక్కువొస్తుందని ఇచ్చే బ్యాటరీ అక్కడికి చేరొచ్చు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని పద్ధతిగా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది, చెత్తలో కలపకుండా సరైనచోట అప్పగించే బాధ్యత మనది. కొత్తది కొన్న డీలరుకే పాతది ఎక్స్ఛేంజిగా ఇచ్చి, దాని విలువ బిల్లులో తగ్గించి రాయించుకోండి. యాసిడ్ వంచకుండా, మూతలు బిగించి, నిలువుగానే బండి ఎక్కించండి. ఆ బిల్లు మీదే కొత్తదాని సీరియల్ నంబరు, కొన్న తేదీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. వారంటీ అడిగే రోజు వాళ్లు ముందు చూసేది అవే.