సూర్యోదయానికి వెళ్లకండి

కొండలూ అడవులూ తీరాలూ ఫోటో తీయాలనుకునేవాళ్లకి ఎవరైనా ఇచ్చే మొదటి సలహా, తెల్లవారుజామునే లేవమని. నేను పడుకోమంటాను. ఆ బంగారు వెలుగు ఎక్కడైనా ఒకలాగే ఉంటుంది, దాని కింద ప్రతి చోటూ ఇంకో చోటులా కనిపిస్తుంది. మీరు వెళ్లింది ఆ ఒక్క చోటు కోసమైతే, నేర్చుకున్న సూత్రాలు చాలావరకు పక్కన పెట్టాలి.

కోరింగ వెళ్లేటప్పుడు సూర్యోదయం ఎప్పుడని చూడకండి, తిథి చూసుకోండి. కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఇక్కడ రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఆ వేళ రోజు రోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గిపోతుంది. వేటకెళ్లేవాళ్లకి ఈ లెక్క నోటికొచ్చు, వాళ్లనే అడగండి. పాటు మిట్టమధ్యాహ్నం పడితే మిట్టమధ్యాహ్నమే వెళ్లండి. నీళ్లు దిగాకే ఈ అడవి ఎలా బతుకుతోందో కంటికి కనిపిస్తుంది. బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు కాబట్టి మడచెట్టు ఊపిరి కోసం వేళ్లని పైకి పంపుతుంది. అవి నేలంతా పెన్సిళ్లు గుచ్చినట్టు నిలబడి ఉంటాయి. వాటి మధ్య చిన్న ఎండ్రకాయలు, బురద మీద గెంతే చేపలు, అదృష్టముంటే రాత్రి వేటాడి వెళ్లిన బావురుపిల్లి అడుగులు. పోటు మీద, పొద్దుపొడుపులో తీసిన ఫోటోలో ఇవేవీ ఉండవు. దాన్ని కేరళ కాలువ అన్నా నమ్ముతారు.

మధ్యాహ్నపు ఆకాశం తెల్లగా పాలిపోతుంది కదా అంటే, ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకండి. కెమెరా కిందికి వంచండి. పోలరైజర్ తగిలించి తిప్పితే తడి ఆకుల మీద మెరుపు తగ్గి అసలు పచ్చదనం బయటికొస్తుంది. మబ్బు పట్టిందా, ఇంకా మంచిది, అడవి లోపలి నీడలు మెత్తబడతాయి. ట్రైపాడ్ మాత్రం ఇంట్లోనే ఉంచండి. చెక్క వంతెన మీద ఎవరు నడిచినా అదురుతుంది, పడవ ఎలాగూ నిలవదు. ఐఎస్ఓ పెంచుకోండి. కాస్త గరుకు వచ్చినా ఏమీ కాదు.

నల్లమలకి వానలు వెలిశాక వెళ్లమంటారు. ఫాల్గుణంలో వెళ్లండి. అది ఆకు రాల్చే అడవి. ఆకులు రాలాకే కొండ ఎముక కనిపిస్తుంది, రాతి పొరలు కనిపిస్తాయి, బోడి కొమ్మల మీద మోదుగ పూస్తుంది. మంటలు వ్యాపించకుండా అటవీ సిబ్బంది తీసిన ఫైర్ లైన్లు అడ్డం వస్తే జరిగిపోకండి, తర్వాత కంప్యూటర్లో చెరిపేయకండి. ఈ అడవి నిలబడి ఉండటం వెనక మనుషుల కష్టం ఉంది, అది ఫోటోలో ఉండాలి. చెంచుల గూడేల దగ్గర, అంటే పెంటల దగ్గర, అడగకుండా కెమెరా తీయొద్దు. అనుమతి సంగతీ ముందే చూసుకోండి. అభయారణ్యంలోకి అనుమతితో వెళ్లదగిన పనుల్లో ఫోటోగ్రఫీని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 28వ సెక్షన్‌లో పేరు పెట్టి మరీ చెప్పింది.

ఎత్తైన చోటు వెతకండన్న సలహా నాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూడండి. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక, వానలు కోసిన గండ్లు. ఆ అంచుల మీద కాలు వేస్తే మట్టి జారుతుంది, జారిన చోట వచ్చే వాన ఇంకో గండి కొడుతుంది. కింద, గండి అడుగునే నిలబడి జూమ్ లెన్సుతో పైకి చూడండి. గోడలో ఎరుపు ఒక్కో ఎత్తున ఒక్కోలా ఉండటం అక్కడినుంచే తెలుస్తుంది.

ఇక కొల్లేరు. ఆటపాకలో గూడబాతులు ఒక్కసారిగా లేచిన ఫోటో అందరికీ కావాలి. అది తీయకండి. గూడు దగ్గర కూర్చున్న పక్షి భయంతో లేచిందంటే గుడ్లు ఎండకి, కాకులకి వదిలేసినట్టే. డ్రోన్ ఊసే వద్దు. కూర్చున్న పక్షులూ, చెట్ల మీద తెల్లబడ్డ కొమ్మలూ, వెనక చేపల చెరువు గట్లూ, అన్నీ కలిసిందే ఇవాళ్టి కొల్లేరు. దగ్గరికి పోనిస్తానని పడవ నడిపేవాళ్లు అంటే, వాళ్లకి రావాల్సిన డబ్బు ముందే చేతిలో పెట్టి దూరంగానే ఆపమనండి.